చర్లపల్లి డేటా ఎంట్రీ, మాదాపూర్ బీజీవీ: నేర చరిత్ర ఉన్నవారి నియామకాలపై కొన్ని ఆధారాలు

1. చర్లపల్లి ఒప్పందం

2010 మే నెలలో ఒక వార్త హైదరాబాద్ పత్రికల్లోనూ విదేశీ మాధ్యమాల్లోనూ దాదాపు ఒకేసారి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ జైళ్ల శాఖ, రేడియంట్ ఇన్ఫో సిస్టమ్స్ అనే బెంగళూరు సంస్థతో కలిసి చర్లపల్లి కేంద్ర కారాగారంలో బీపీఓ యూనిట్ పెట్టబోతోందని, చదువుకున్న శిక్షా ఖైదీలకు అందులో పని ఇస్తారని దాని సారాంశం. చర్లపల్లి అప్పటికి సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలోనిదే. 2016లో కమిషనరేట్‌ను విడదీసినప్పుడు రాచకొండకు వెళ్లింది. జైలు గేటు నుంచి మాదాపూర్ సైబర్ టవర్స్‌కు దూరం దాదాపు 30 కిలోమీటర్లు.

అప్పటి కథనాలను పక్కపక్కన పెట్టి చదివితే మూడు చోట్ల జాగ్రత్తపడాల్సి వస్తుంది. మొదటిది సంఖ్య. కొన్ని కథనాలు 200 మంది అంటే, మరికొన్ని 250 మంది అన్నాయి. రెండోది పని స్వభావం. శీర్షికల్లో కొన్ని ‘కాల్ సెంటర్’ అన్నా, లోపలి వివరం మాత్రం డేటా ఎంట్రీ, సమాచారాన్ని ప్రాసెస్ చేసి పంపడం వంటి బ్యాక్ ఆఫీస్ పనుల గురించే. ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే పనిగా దాన్ని చదవడం సరికాదనిపిస్తుంది. మూడోది కూలి. జైల్లోని ఇతర పనులకు రోజుకు సుమారు 15 రూపాయలు దక్కుతుంటే, ఇక్కడ 100 నుంచి 150 రూపాయలు ఇస్తారని రాశారు. ఈ అంకెలన్నీ యూనిట్ మొదలుకాక ముందు ప్రకటించినవి. కనుక వీటిని ప్రణాళిక కింద తీసుకోవాలే తప్ప ఫలితం కింద కాదు.

అంకెల తేడా ఎలా ఉన్నా, అధికారులు చెప్పుకున్న ఉద్దేశంలో మాత్రం కథనాలన్నీ ఒక్కటే మాట అన్నాయి: విడుదలయ్యాక బయట బతుకుదెరువుకు ఈ అనుభవం పనికిరావాలి. ఈ వ్యాసానికి ఆధారం ఆ ఒక్క వాక్యమే. డేటా ఎంట్రీ నేర్చుకుని, శిక్ష ముగించుకుని బయటికొచ్చిన మనిషి మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో అదే పనికి దరఖాస్తు పెట్టాడనుకుందాం. అతన్ని ఆపేది ఏమిటి? చట్టమా, క్లయింటు ఒప్పందమా, హెచ్ఆర్ వాళ్ల దగ్గరున్న ఫారమా? ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప జవాబు చిక్కదు. సాధారణంగా మూడింటినీ కలిపి ‘రూల్’ అనేస్తారు.

2. తనిఖీ ఎక్కడి నుంచి వచ్చింది

సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. ఈరోజు ఐటీ కారిడార్‌లో అందరి నోటా వినిపించే ‘బీజీవీ’, అంటే ఆఫర్ లెటర్ తర్వాత జరిగే పూర్వాపరాల తనిఖీ, దేశమంతటా సంస్థాగత రూపం తీసుకున్నది ఆ తర్వాతి దశకంలోనేనని చెప్పడానికి కొన్ని ఆధారాలున్నాయి.

2005 ఏప్రిల్‌లో పుణెలో ఎంఫసిస్‌కు చెందిన బీపీఓలో పనిచేసిన కొందరు, అమెరికాలోని సిటీబ్యాంక్ ఖాతాదార్ల సొమ్ము కాజేశారన్న కేసు బయటపడింది. మొత్తం ఎంతన్న దానిలో తేడాలున్నాయి: మూడున్నర లక్షల డాలర్ల నుంచి నాలుగుంబావు లక్షల డాలర్ల దాకా వేర్వేరు కథనాలు వేర్వేరుగా చెప్పాయి. 2006లో ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్ చొరవతో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ మొదలైంది. ఐటీ, బీపీఓ ఉద్యోగుల గుర్తింపు, చదువు, పాత ఉద్యోగ వివరాలను ఒకచోట నమోదు చేసి సరిచూసే ఏర్పాటు అది. ఈ రెండు సంఘటనల కాలక్రమానికి పొంతన కుదురుతోంది. ఒకదాని నుంచే మరొకటి పుట్టిందని అంతమాత్రాన తేల్చలేం. పైగా పుణె కేసులో చర్చంతా పిన్ నంబర్లను మాటల్లో పెట్టి ఎలా రాబట్టారన్న దాని చుట్టూ తిరిగింది. నిందితుల పాత నేర చరిత్ర అందులో ప్రధానాంశం కాలేదు.

రెండో మూలం ప్రమాణ పత్రాలు. సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 27001 ప్రమాణం 2013 కూర్పులో ఉద్యోగంలోకి తీసుకునే ముందు తనిఖీని అనుబంధం ఏ లోని 7.1.1 కింద పెట్టారు. 2022 కూర్పులో అది 6.1 అయింది. కార్డు చెల్లింపుల భద్రతకు వాడే పీసీఐ డీఎస్ఎస్‌లో 12.7 నిబంధన ఇలాంటిదే. ఈ పత్రాల పేరు చెప్పి, “మాకు వేరే దారి లేదు, ఆడిట్‌లో అడుగుతారు” అనడం కారిడార్‌లో మామూలు. నిబంధన పాఠం చదివితే మాత్రం అంత గట్టి మాట కనబడదు. తనిఖీ చట్టాలకు, నైతికతకు లోబడి ఉండాలని, వ్యాపార అవసరానికి, ఆ ఉద్యోగి చేతికి వచ్చే సమాచార స్థాయికి, ఎదురయ్యే ముప్పుకు తగినంతగా ఉండాలని ఐఎస్ఓ నిబంధన అంటుంది. స్థానిక చట్టాల హద్దులో జరగాలని పీసీఐ నిబంధన అంటుంది. కేసు ఉన్నవారిని తీసుకోవద్దన్న మాట రెంటిలోనూ లేదు. ఎంత ముప్పుకు ఎంత తనిఖీ అన్న తూకం వేయమని ప్రమాణం అడుగుతుంటే, కింది స్థాయికి వచ్చేసరికి అది ‘ఉంది, లేదు’ అన్న రెండు గడులుగా మారిందని అనుకోవడానికి అవకాశముంది.

అమెరికా బ్యాంకులకు పనిచేసే కేంద్రాల విషయంలో మరో పొర ఉంది. అక్కడి ఫెడరల్ డిపాజిట్ ఇన్సూరెన్స్ చట్టం 19వ సెక్షన్, నమ్మకద్రోహం, మోసం వంటి నేరాల్లో శిక్షపడినవారిని బ్యాంకు పనుల్లోకి అనుమతి లేకుండా రానివ్వదు. అది హైదరాబాద్‌లోని సాంకేతిక సిబ్బందికి నేరుగా వర్తిస్తుందనడం కష్టం. క్లయింటు ఒప్పందాల్లోని భాష మీద దాని ప్రభావం ఉందనుకోవడం సబబే. 2022 డిసెంబరులో ఆ సెక్షన్‌నే అమెరికా సడలించింది. నేరం జరిగి ఏడేళ్లు దాటినా, జైలు నుంచి విడుదలై అయిదేళ్లు దాటినా చాలా సందర్భాల్లో ఆ అడ్డు తొలగుతుంది. మూల చట్టం మెత్తబడినా, దాని నీడలో రాసుకున్న ఒప్పంద వాక్యాలు వాటంతటవే మెత్తబడవు.

3. ఫారంలోని 12వ గడి

ప్రభుత్వోద్యోగాల విషయంలో మాత్రం సాక్ష్యం దండిగా ఉంది. కారణం, అక్కడ రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు వర్తిస్తాయి, కోర్టుకు వెళ్లే వీలుంది. అందులో తెలుగు నేల మీదిది ఒకటి ప్రత్యేకంగా చూడదగ్గది.

ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ శిక్షణకు ఎంపికైన ఒక అభ్యర్థి, తనపై ఉన్న కేసు సంగతి అటెస్టేషన్ ఫారంలో దాచాడని ఎంపిక రద్దు చేశారు. ట్రిబ్యునల్ అతని పిటిషన్ కొట్టేసింది. హైకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. రాష్ట్ర హోం శాఖ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2005లో సుప్రీంకోర్టు ఆ ఫారం తెరిచి 12వ కాలమ్ చదివింది. అక్కడున్న ప్రశ్న: ఎప్పుడైనా కోర్టు శిక్ష వేసిందా, లేదా ముందస్తు నిర్బంధ చట్టాల కింద నిర్బంధించారా? అరెస్టు గురించి గాని, నడుస్తున్న కేసు గురించి గాని అందులో లేదు. అడగని దానికి జవాబు చెప్పకపోవడం దాచడం కాదని కోర్టు రాష్ట్రం అప్పీలును తోసిపుచ్చింది.

తర్వాతి తీర్పులు ఒకే దారిలో నడిచాయని అనలేం. 2011లో ఢిల్లీ పోలీసు నియామకం కేసులో జస్టిస్ మార్కండేయ కట్జూ ఉన్న ధర్మాసనం, కుర్రతనపు పొరపాట్లను జీవితాంతం మోయించకూడదన్న దృష్టి తీసుకుంది. విక్టర్ హ్యూగో నవలలో రొట్టె దొంగిలించి జీవితాంతం దొంగ ముద్ర మోసిన జాన్ వాల్‌జాన్‌ను ఆ తీర్పు ఉదాహరించింది. 1950లో నాగయ్య నటించిన ‘బీదల పాట్లు’ చూసినవారికి ఆ పాత్ర పరిచయమే. 2013లో మరో ధర్మాసనం, అదే ఢిల్లీ పోలీసు శాఖ కేసులో, రాజీ వల్లనో సాక్షులు ఎదురు తిరగడం వల్లనో నిర్దోషిగా బయటపడినవారిని స్క్రీనింగ్ కమిటీ కాదనవచ్చని చెప్పింది. ఈ పొంతన లేమిని సరిచేయడానికే 2016 జూలై 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో నాలుగు అంశాలు ఇక్కడ అవసరం.

(అ) చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయమైతే, దాచినా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు.
(ఆ) స్వల్పం కాని కేసులో శిక్షపడితే నియామకం రద్దు చేయవచ్చు.
(ఇ) ముగిసిన కేసును నిజాయతీగా చెప్పినా, యజమానికి పూర్వాపరాలు పరిశీలించే హక్కు ఉంటుంది. తీసుకుని తీరాలన్న బలవంతం లేదు.
(ఈ) ఫారంలోని ప్రశ్న స్పష్టంగా ఉండాలి. స్పష్టంగా అడిగినదానికే జవాబు చెప్పాలి.

2022లో వచ్చిన రెండు తీర్పుల్లో మళ్లీ ఒత్తు మారింది. రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ కేసులో మే నెలలో వచ్చినది, దాచాడన్న ఒక్క కారణంతో యాంత్రికంగా తీసేయకూడదంది. సెప్టెంబరులో వచ్చినది యూనిఫాం సర్వీసుల్లో ప్రమాణం కఠినంగానే ఉండాలంది. కోర్టులు నేరం కన్నా దాచడాన్నే ఎక్కువ గట్టిగా పట్టుకున్నాయని ఈ వరుసను బట్టి చెప్పవచ్చు. ఎటు తిరిగినా ‘ఆలోచించి నిర్ణయించాలి’ అన్నది మాత్రం మారలేదు.

ప్రైవేటు కంపెనీ మీద ఈ తీర్పుల బరువు నేరుగా పడదు. నేర చరిత్ర కారణంగా ఉద్యోగం నిరాకరించడాన్ని ప్రైవేటు రంగంలో నిషేధించే సాధారణ చట్టం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 1974లో వచ్చిన పునరావాస చట్టంలాగా, కొన్నేళ్లు గడిచాక చిన్న శిక్షను ‘తీరిపోయినది’గా చూసే విధానమూ లేదు. కనుక పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాడికి దొరికే విచక్షణ, గచ్చిబౌలిలో టెస్టింగ్ ఇంజనీరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాడికి దొరకకపోవచ్చు. తుపాకీ ఉండే ఉద్యోగానికి ఒక తూకం, కీబోర్డు ఉండే ఉద్యోగానికి అదీ లేదు.

4. రికార్డు అంటే ఎవరిది, ఏ దశది

ఒక మామూలు బీజీవీ నివేదికలో వరుసలు ఇలా ఉంటాయి: చదువు, పాత ఉద్యోగం, చిరునామా, గుర్తింపు పత్రం, కోర్టు రికార్డు. ఒక్కో వరుస చివర ఒక్కో రంగు. ఆకుపచ్చ అయితే సరే, అంబర్ అయితే వివరణ కావాలి, ఎరుపు అయితే ఆఫర్ ఆగుతుంది. కోర్టు వరుస కోసం ఇప్పుడు ఎక్కువగా ఆధారపడేది ఈ-కోర్టుల సమాచారం మీద. 2015లో నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ ప్రజలకు తెరిచాక ఈ వెతుకులాట బాగా తేలికయింది.

తేలికయిన చోటే చిక్కు ఉంది. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా వస్తుంది. కోర్టు జాబితాలో ‘పి.ఎస్. మాదాపూర్ వర్సెస్ కె. శ్రీనివాస్’ అని ఉంటే, ఆ కె. కొండపల్లో, కంచర్లో, కాసులో ఆ వరుసలో కనబడదు. వయసు ఉండదు. తండ్రి పేరు కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. పాస్‌పోర్టులో విస్తరించిన ఇంటిపేరు, పదో తరగతి మెమోలో పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు చివర. ఇలా మూడు రూపాల్లో ఉన్న ఒకే మనిషిని, ఒకే రూపంలో ఉన్న ముగ్గురు మనుషుల నుంచి విడదీయడం కంప్యూటర్ వెతుకులాటతో అయ్యే పని కాదు.

పేరు సరిపోయినా దశ సరిపోవాలి. ఎఫ్ఐఆర్, అరెస్టు, చార్జిషీటు, విచారణ, శిక్ష, అప్పీలులో కొట్టివేత: ఇవన్నీ ఒకే మనిషి మీద వేర్వేరు ఏళ్లలో పడే గుర్తులు. లోక్ అదాలత్‌లో చట్టప్రకారం రాజీ కుదిరిన కేసు ఫలితం నిర్దోషిత్వంతో సమానం. జాబితాలో అది ‘డిస్పోజ్డ్’ అని మాత్రమే కనబడితే, చూసేవారికి శిక్షకూ రాజీకీ తేడా తెలియదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, విచారణ ఖైదీలు. ‘జైలుకెళ్లాడు’ అన్న మాటను సాక్ష్యంగా తీసుకునేవారు ఈ అంకె ముందు కాసేపు ఆగాలి.

తెలంగాణలో దీనికి మరో ముఖం ఉంది. 2009 నుంచి 2014 దాకా రాష్ట్ర ఉద్యమంలో విద్యార్థులపై కేసులు పెద్ద సంఖ్యలో నమోదయ్యాయి. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం చాలావాటిని విడతలవారీగా ఎత్తేసింది. రైల్‌రోకో కేసులు కేంద్ర చట్టం కిందివి కావడంతో ఎక్కువ కాలం సాగాయి. ఉస్మానియాలో చదివి ఐటీలోకి వచ్చిన ఒక తరానికి ‘నేర చరిత్ర’ అంటే పట్టాల మీద కూర్చున్న ఒక మధ్యాహ్నం. అవతార్ సింగ్ తీర్పులో నినాదాల ఉదాహరణ ఎంచుకున్న ధర్మాసనం ముందు ఉద్యమ కేసులు లేకపోవచ్చు గాని, ఆ వాక్యం ఇక్కడి వాళ్లకు అతికినట్టు సరిపోతుంది.

కారిడార్‌లో తరచుగా పుట్టే మరో రికార్డు డ్రంక్ అండ్ డ్రైవ్. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి 2019 సవరణ తర్వాత 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పట్టుబడిన ఉద్యోగుల వివరాలు వారి సంస్థలకు పంపుతామని సైబరాబాద్ పోలీసులు బహిరంగంగా ప్రకటించిన సందర్భాలున్నాయి. రోడ్డు మీద ప్రాణాలు పోతున్న చోట ఆ హెచ్చరిక వెనకున్న ఆందోళనను తప్పు పట్టలేం. ఒక నేరానికి కోర్టు వేసే శిక్ష ఒకటి, యజమాని వేసే శిక్ష మరొకటి అవుతున్నాయన్నది మాత్రం గమనించాలి. రెండోదానికి అప్పీలు లేదు.

5. నిజంగా చట్టం అడ్డుకునే చోట్లు

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు పాక్షికంగా జవాబు చెప్పవచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగానికి, కోడింగ్ ఉద్యోగానికి చట్టం అడ్డు లేదు. అడ్డున్న ఉద్యోగాలు వేరే ఉన్నాయి.

బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 10వ సెక్షన్, నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్షపడిన వ్యక్తిని బ్యాంకింగ్ కంపెనీ ఉద్యోగంలో పెట్టుకోకూడదంటుంది. బ్యాంకుకు సాంకేతిక సేవలందించే విడి కంపెనీ బ్యాంకింగ్ కంపెనీ కాదు కనుక, దాని ఉద్యోగులకు ఈ సెక్షన్ నేరుగా వర్తించదని వాదించవచ్చు.

ఇంతకన్నా కఠినమైనది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం. దాని 10వ సెక్షన్ ప్రకారం కోర్టు శిక్ష వేసిన వ్యక్తిని సెక్యూరిటీ గార్డుగా గాని, సూపర్‌వైజరుగా గాని పెట్టుకోకూడదు. ఏ నేరం, ఎన్నేళ్ల కిందటిది అన్న మినహాయింపు ఆ వాక్యంలో లేదు. మైండ్‌స్పేస్ గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని బ్యాగులు చూసే ఉద్యోగం అది. దీని పక్కన ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ పెట్టి చూడాలి. రెండేళ్లు, అంతకుమించి శిక్షపడిన వ్యక్తి విడుదలైన ఆరేళ్ల తర్వాత శాసనసభకు, పార్లమెంటుకు మళ్లీ పోటీ చేయవచ్చు. చట్టం చేసే సభలోకి ఆరేళ్లకు దారి తెరుచుకుంటుంది. ఆ సభ చేసిన చట్టం ప్రకారమే గేటు దగ్గర నిలబడే పనికి దారి ఎప్పటికీ మూసుకునే ఉంటుంది. దీన్ని ఏ ముప్పు అంచనాతోనూ సమర్థించడం కష్టం.

మినహాయింపులూ ఉన్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్, మంచి నడవడిక పూచీ మీదో మందలింపు మీదో విడిచిపెట్టినవారికి, శిక్షతో వచ్చే అనర్హత అంటదంటుంది. 2015 బాల నేరస్తుల న్యాయ చట్టం 24వ సెక్షన్ అదే రక్షణ పిల్లలకు ఇస్తూ, అప్పీలు గడువు తీరాక రికార్డులు నాశనం చేయమంటుంది. పదహారేళ్లు దాటి ఘోర నేరంలో పెద్దల మాదిరిగా విచారణకు వెళ్లినవారికి ఇది వర్తించదు. ‘ఎప్పుడైనా మీపై కేసు ఉందా’ అని అడిగే ప్రైవేటు ఫారం ఈ రెండు సెక్షన్ల లబ్ధిదారులను కూడా అడుగుతుంది. వాళ్లు ఏమని రాయాలో ఫారం చెప్పదు.

6. ఎదుటి పక్షం సాక్ష్యం

తనిఖీని కోరేవారి వాదనను తేలిగ్గా కొట్టేయడం పరిశోధన అనిపించుకోదు. 2013 అక్టోబరులో మాదాపూర్ ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని క్యాబ్‌లో అపహరించి అత్యాచారం చేసిన కేసు కారిడార్‌ను కుదిపేసింది. 2014 మేలో ఇద్దరికి ఇరవయ్యేసి ఏళ్ల శిక్షపడింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లో మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఆడపిల్లను ఇంటికి చేర్చే డ్రైవరు ఎవరో తెలిసి ఉండాలని కంపెనీ కోరుకోవడం సహజం, న్యాయం.

2014 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఉబర్ క్యాబ్ కేసు ఇక్కడ రెండు విధాలా సాక్ష్యమిస్తుంది. ఆ డ్రైవరు మీద 2011లో అలాంటి ఆరోపణే వచ్చింది. అందులో నిర్దోషిగా విడుదలయ్యాడు. నిర్దోషిత్వాన్ని పూర్తి పూచీగా తీసుకోలేమని వాదించేవారికి ఇది బలం. అతను చూపిన పోలీసు ధ్రువపత్రం నకిలీదని తేలింది. కాగితం ఉన్నంత మాత్రాన తనిఖీ జరిగినట్టు కాదనడానికి ఇది బలం. రెండు ముగింపులూ ఒకే కేసులోంచి వస్తాయి. ఒంటరి ప్రయాణికురాలిని రాత్రిపూట దింపే పనికి ఉన్న ముప్పు, పగటిపూట బిల్లుల వివరాలు కొట్టే పనికి లేదన్నది మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకోక తప్పదు. ఐఎస్ఓ నిబంధన అడిగే తూకం అదే.

7. ఎన్నేళ్లు గడిస్తే

పాత నేరానికి గడువు ఉందా అన్న ప్రశ్నపై అమెరికాలో లెక్కలు కట్టారు. ఆల్‌ఫ్రెడ్ బ్లూమ్‌స్టీన్, కిమినోరి నకమురా 2009లో ప్రచురించిన అధ్యయనం 1980లో న్యూయార్క్ రాష్ట్రంలో తొలిసారి అరెస్టయినవారిని తీసుకుంది. పద్దెనిమిదేళ్లకు దోపిడీ కేసులో అరెస్టయి, తర్వాత ఏ కేసూ లేనివారు మళ్లీ అరెస్టయ్యే అవకాశం, 7.7 ఏళ్లకు ఆ వయసు వారి సాధారణ స్థాయికి దిగింది. ఇళ్లలో దొంగతనానికి అది 3.8 ఏళ్లు. ఈ అంకెలను మన దగ్గరికి యథాతథంగా తెచ్చుకోలేం. ‘ఎప్పటికీ’ అన్న గడువుకు ఆధారం లేదన్నంత వరకే ఇక్కడ పనికొస్తాయి.

ఫారంలోంచి ఆ ప్రశ్నే తీసేయాలన్న ఉద్యమం అక్కడ బలంగా సాగింది. 1998లో హవాయి రాష్ట్రం మొదలుపెట్టింది. ఆ ఉద్యమానికి దన్నుగా నిలిచిన అధ్యయనం డెవా పేజర్‌ది. 2003లో ప్రచురితమైన ఆ మిల్‌వాకీ ప్రయోగంలో, రికార్డు లేని తెల్లవారిలో 34 శాతానికి, ఉన్నవారిలో 17 శాతానికి యజమానుల నుంచి పిలుపొచ్చింది. నల్లవారిలో ఆ అంకెలు 14, 5. రికార్డు ఉన్న తెల్లవాడికి దొరికినంత అవకాశం, ఏ రికార్డూ లేని నల్లవాడికి దొరకలేదు. తర్వాత అమండా ఏగన్, సోన్యా స్టార్ 2018లో ప్రచురించిన ప్రయోగం ఒక అనుకోని ఫలితం చూపింది. న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో ప్రశ్న తీసేశాక, అంతకుముందు ఆ ప్రశ్న అడిగిన కంపెనీల్లో తెల్లవారికీ నల్లవారికీ పిలుపుల్లో తేడా 7 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. తెలుసుకునే వీలు లేని యజమానులు రంగును బట్టి ఊహించుకోవడం మొదలెట్టారన్నది వారి వివరణ.

8. ఊహకు ఇక్కడున్న పునాది

హైదరాబాద్‌లో ప్రశ్న తీసేస్తే ఊహ దేని మీద నడుస్తుంది? పోలిక మీదే చెప్పగలం గాని, తెలుగు నేల మీద ముద్ర వేసిన చరిత్ర మాత్రం పాతదే. 1871 నాటి నేర జాతుల చట్టం మనిషిని కాక పుట్టుకను నేరంగా నమోదు చేసింది. ఆ ముద్ర పడిన ఎరుకల వారి కోసం సాల్వేషన్ ఆర్మీ బాపట్ల దగ్గర నడిపిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్ స్థాపన తేదీని కొందరు 1913 అని, కొందరు 1914 అని రాస్తారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారన్న విషయంలో భేదం లేదు. అక్కడివారు చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పనిచేశారు. దీన్ని నేర ముద్ర ఉన్నవారికి ఉద్యోగావకాశంగా చూపే కథనాలున్నాయి. మీనా రాధాకృష్ణ పరిశోధన దాన్ని కట్టడిలో ఉన్న చవక కూలీల సరఫరాగా చూసింది. సెటిల్‌మెంట్ దాటి వెళ్లడానికి స్వేచ్ఛ లేనివారి ‘ఉద్యోగం’ కనుక రెండో పఠనానికే బరువెక్కువ అనిపిస్తుంది. చర్లపల్లిలో ప్రకటించిన కూలిని చూసేటప్పుడూ ఈ హెచ్చరిక మనసులో పెట్టుకోవాలి.

2018 జనవరి 18న తెలంగాణ పోలీసులు రాష్ట్రమంతటా ఒకేరోజు ‘సకల నేరస్తుల సమగ్ర సర్వే’ జరిపారు. గత పదేళ్లలో నేరాల్లో ఉన్నవారి ఇళ్లకు వెళ్లి వివరాలు తీసుకుని, ఇళ్లను జియో ట్యాగ్ చేశారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పి అయిదు నెలలైనా కాలేదు. నేర నియంత్రణకు అది ఉపయోగపడిందన్నది పోలీసుల మాట. పోలీసులు ఇంటికొచ్చి ఫోటో తీసుకున్న సంగతి పక్కింటివారికి, వారి ద్వారా చిరునామా తనిఖీకి వచ్చే బీజీవీ ఏజెంటుకు చేరదని అనుకోవడం మాత్రం కష్టం.

ఇదే రాష్ట్రంలో జైళ్ల శాఖ మరో ప్రయోగమూ చేసింది. చంచల్‌గూడ వంటి చోట్ల పెట్రోలు బంకులు నడిపి ఖైదీలకు, విడుదలైనవారికి పని ఇచ్చింది. ‘మై నేషన్’ పేరుతో జైలు ఉత్పత్తులు అమ్మింది. శిక్షపడినవారి చేతికి నగదు ఇచ్చి రోడ్డు మీద వ్యాపారం చేయించవచ్చనడానికి ఇది ఆధారమే. జైలరు, యజమాని ఒక్కరే అయిన చోట కనబడే ఫలితాన్ని మాదాపూర్ మార్కెట్టుకు అన్వయించేటప్పుడు కొంత తగ్గించి చూడాలి.

9. రాబోతున్న చట్టంలో ఒక చిక్కు

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలులోకి వస్తాయి. 8వ సెక్షన్ ప్రకారం, మనిషి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడే సమాచారం పూర్తిగా, తప్పుల్లేకుండా ఉండేలా చూడాల్సింది దాన్ని వాడే సంస్థే. పేరు కలిసి ఇరుక్కున్న శ్రీనివాస్‌కు, ‘డిస్పోజ్డ్’ దగ్గర ఆగిన రాజీ కేసుకు ఇది పనికొచ్చే వాక్యం.

12వ సెక్షన్ కింద తప్పు దిద్దించుకునే హక్కు మాత్రం, ఆ వ్యక్తి సమ్మతి మీద తీసుకున్న సమాచారానికే రాసి ఉంది. ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు 7వ సెక్షన్ యజమానికి ఇస్తోంది. చట్టం ప్రకారం బహిరంగపరచాల్సిన సమాచారాన్ని 3వ సెక్షన్ చట్టం పరిధి నుంచే తప్పిస్తోంది. కోర్టు జాబితాలు అందులోకి వస్తాయని వాదించే వీలుంది. ఇప్పుడు ఆఫర్ లెటర్‌తో పాటు బీజీవీ సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుంటున్న కంపెనీ, రేపు 7వ సెక్షన్ చాలనుకుని ఆ పత్రం మానేస్తే, తప్పు దిద్దమని అడిగే హక్కు అభ్యర్థికి మిగులుతుందా అన్నది ఆ సంతకం మీదే ఆధారపడవచ్చు.